వంకర రెక్క బ్లోయరు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది యాభై తొమ్మిదో ఏట, మా ఆయన పోయాక. చేతికి వేగం లేదు, ఒత్తులు సరిగ్గా కుదరవు. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఇక్కణ్ణుంచి మాట్లాడేది బ్లోయరు.

నేను ఒక గాలి బ్లోయరును. ఇనుప డొప్పలో ఏడు రెక్కల చక్రం, పక్కన మోటారు, ముందు ఒక మూతి. అంతే నా ఒళ్లు. సామర్లకోటలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మొదట రైసుమిల్లులో ఊక ఊదాను. ఊదమన్నవాళ్లే ముక్కుకు గుడ్డ కట్టుకుని నన్ను తిట్టేవారు. తరవాత కల్యాణమండపం వంటశాలలో పొయ్యిలు రాజేశాను. ఒక పెళ్లిలో వంటమేస్త్రి గరిటె జారి నా మూతిలో పడింది. గరిటె ముక్కలైంది, నా రెండో రెక్క వంగింది. "పనిచేస్తోంది కదా" అని వదిలేశారు. మనుషులు ఆ మాట అన్నాక ఏ యంత్రమూ బాగుపడదు.

ఆ రెక్కతోనే అనకాపల్లి అవతల కొండ కింది పరిశోధనశాలకు వచ్చాను. అక్కడ భానోజీరావు గారనే శాస్త్రవేత్త, రాతి గదిలో ఒక సున్నితమైన పరికరం ముందు కూర్చునేవారు. ఆకాశంలో ఎక్కడో బరువైన నక్షత్రం గిర్రున తిరుగుతుంటే, దాని ఒంటి మీద చిన్న బొడిపె ఉన్నా చాలట, చుట్టూ ఉన్న చోటంతా ఒకే లయలో సన్నగా వణుకుతుందట. ఆ వణుకు వినాలని ఆయన తపన. మూడేళ్లుగా ఏమీ వినబడలేదు. దసరాకి పైవాళ్లు చూడటానికి వస్తారు. అప్పటికీ ఏమీ దొరక్కపోతే పరిశోధనశాల మూసేస్తారు.

గోడ అవతల ఆయన కంప్యూటర్లను చల్లబరచడం నా పని. నన్ను బిగించిన రోజే ఆయన పరికరాన్నీ విప్పి, సరిచేసి, మళ్లీ బిగించారు. వారం తిరక్కుండా అందులో ఒక లయ వినబడింది. అదెవరిదో మీకు తెలిసిపోయే ఉంటుంది. గాలి నాలోంచి నున్నగా పారదు. ఒక్కో రెక్క మూతి అంచు దాటినప్పుడల్లా గాలికి ఒక దెబ్బ తగులుతుంది. వంగిన రెక్క దాటితే ఇంకాస్త గట్టి దెబ్బ. ఆ అదురు రాతిలోంచి ఆయన దాకా పోయింది.

ఆయన అమాయకులేం కాదు. భూమి తిరుగుతుంది కనుక, నిజమైన నక్షత్రమైతే దాని లయ రోజుకోసారి కాస్త పెరిగి తగ్గాలని లెక్క కట్టారు. పెరిగింది, తగ్గింది! సాయంత్రం ఊళ్లో మోటార్లన్నీ వేసేసరికి ఓల్టేజీ పడిపోయి నేను నీరసించేదాన్ని, తెల్లారేసరికి పుంజుకునేదాన్ని. కరెంటు పోతే నేనూ పరికరమూ కలిసే ఆగేవాళ్లం, కలిసే లేచేవాళ్లం. ఇంక అనుమానం ఎలా వస్తుంది? "దొరికింది" అని ఆయన పైవాళ్లకు ఉత్తరం రాసేశారు.

వాళ్లు వచ్చే ముందురోజు ఆయుధపూజ. అక్కడ ఊడ్చే అప్పాయమ్మ, అంటే ఇది రాస్తున్నావిడే, పసుపు గిన్నెతో వచ్చి నన్ను ఆపేసింది. కుంకుమ బొట్లు పెట్టింది, బంతిపూల దండ వేసింది. ఇంతలో భానోజీరావు గారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"అప్పాయమ్మా, నా నక్షత్రం చచ్చిపోయింది!"

"అయ్యో, నిన్నటిదాకా బాగానే ఉండీది కదా బాబూ! కూకోండి, మంచినీళ్లు తాగండి. దీనికి ఇంకో బొట్టెట్టేసి వస్తాను."

"దేనికి?" అంటూ ఆయన నా వైపు చూశారు. "దీన్ని ఎప్పుడు ఆపావు?"

"ఇప్పుడే బాబూ. ఏడాదంతా తిరుగుతాది. ఈయేల ఒక్కరోజైనా అలుపు తీర్చుకోవద్దేటి?"

ఆయన స్విచ్చి వేసి లోపలికి పరుగెత్తారు. నక్షత్రం బతికింది. వచ్చి ఆపారు. చచ్చింది. అలా నాలుగుసార్లు.

"పూజ సేసిందాన్ని తిప్పకూడదు బాబూ, కళ్లు పోతాయి!" అని అప్పాయమ్మ మొత్తుకుంటూనే ఉంది.

ఆయన నా పక్కనే నేల మీద కూలబడ్డారు. "రేపు నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు అప్పాయమ్మా."

"నానున్నాను కదా బాబూ, తెల్డానికి."

మర్నాడు పైవాళ్ల పెద్ద, సుభాషిణి మేడం, టీ కప్పు పట్టుకుని అడిగారు: "ఎంత దూరంలో ఉందండీ మీ నక్షత్రం?"

భానోజీరావు గారు గోడ వైపు తిరిగారు. "నలభై అడుగులండీ. గోడ అవతల."

ఎవరి బిస్కెట్టో టీలో పడిన చప్పుడు వినబడింది. ఆయన జరిగినదంతా చెప్పేశారు. మేడం లేచి నేరుగా నా దగ్గరకొచ్చి, డొప్ప విప్పించి, రెక్కలు తడిమారు.

"ఈ వంకర ఎంతుంటుంది?"

"బియ్యపు గింజంత మేడం."

"బియ్యపు గింజంత వంకరని నలభై అడుగుల రాయిలోంచి విందా మీ పరికరం? దాన్ని మూసేస్తే మనకే బుద్ధి లేదంటారు. ఇంకో ఏడాది వినండి." అని నా వైపు వేలు చూపించారు. "ముందు దీన్ని అవతల పారేయండి."

అలా పరిశోధనశాల నిలబడింది, నేను వీధిన పడ్డాను. ఇప్పుడు క్యాంటీను వెనక తుక్కులో ఉన్నాను. మోటారు ఎవరో విప్పుకుపోయారు. నా డొప్పలో ఒక కోడిపెట్ట తొమ్మిది గుడ్లు పొదుగుతోంది. భానోజీరావు గారు టీకి వచ్చినప్పుడల్లా ఆ పెట్టను అనుమానంగా చూస్తారు. అది ఎంతసేపటికోసారి కదులుతోందో గడియారం చూసుకుంటూ రాసుకుని మరీ వెళతారు.

రాసినది: గొంప అప్పాయమ్మ. వయసు అరవై ఆరు. ఇప్పుడు ఉండేది చోడవరంలో, చెల్లెలి ఇంట్లో.