పింగాణీ జీతం

దేశం దివాలా తీసిన ఏడాది, కమోడ్ల ఫ్యాక్టరీ మేనేజరు స్టూలెక్కి శుభవార్త చెప్పాడు. "ఈ నెల జీతం ఆగదు! తలా నాలుగు కమోడ్లు పట్టుకెళ్ళండి. నోటు విలువ పొద్దున ఒకటి, సాయంత్రానికొకటి. పింగాణీ అలా పడిపోదు."

"పడితే పగులుతుంది సార్" అన్నారెవరో వెనక నుంచి.

బట్టీ మేస్త్రీ మాత్రం అప్పటికే సరుకు దగ్గరికి నడిచాడు. పెళ్ళికి ముందు నుంచీ ఆ బట్టీ సెగలో మాడిన మనిషి; సరుకంటే ప్రాణం. పగుళ్ళు లేనివి ఏరుకుని, తోపుడుబండి మీద ఇంటికి తోసుకెళ్ళాడు.

భార్య గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది. "వీటిని వండమంటావా, వేయించమంటావా?"

"అమ్ముదాంలేవే."

"ఎవరికి? వీధిలో సగం మంది మీ ఫ్యాక్టరీవాళ్ళే. అయినా తిండి లేనివాళ్ళకి కమోడ్ దేనికి?"

మేస్త్రీ ఒక్కొక్కటే లోపలికి మోశాడు. మంచం పక్కన రెండు, ముందు గదిలో రెండు సర్దారు. మేస్త్రీ తల్లి ఒకదాని మూత మీద చతికిలబడి, "నా కుర్చీకంటే ఇదే నయమే కోడలా" అంది. కోడలికి ఠక్కున ఉపాయం తట్టింది.

మర్నాడు బండి బ్రెడ్డు దుకాణం ముందు ఆగింది. అప్పటికే క్యూ వీధి మలుపు దాటింది. ముసలివాళ్ళు గోడకి జారగిలబడి ఉన్నారు. ఆమె కమోడ్లు వరసగా దింపించింది. "కూర్చోండి పెద్దమ్మా! బ్రెడ్డు చేతికొచ్చాక ఒక్క ముక్క ఇవ్వండి, చాలు."

క్యూ కదిలినప్పుడల్లా కమోడ్లు ముందుకు జరపడం మేస్త్రీ పని. "పరువు పోతోందే" అని గొణిగాడు.

"పరువు నంచుకుని తింటావా? జరుపు!"

వారం తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ కడుపు నిండుతోంది. తోటి పనివాళ్ళు కూడా తమ కమోడ్లు తెచ్చి పెట్టారు. ఆ సంగతి టీవీ దాకా పాకింది. టీవీ వెంట ఆర్థికమంత్రి దిగాడు. ఒకదాని మీద దర్జాగా కూర్చుని, "క్యూలు, క్యూలు అని గోల చేస్తున్నారు. చూడండి, నా ప్రజలు ఎంత సుఖంగా కూర్చున్నారో! ఇది మా ప్రభుత్వం కల్పించిన సదుపాయం" అన్నాడు. పక్కనున్న అధికారులు చప్పట్లు కొట్టారు.

మేస్త్రీ భార్య చెయ్యి చాపింది. "కూర్చున్నారుగా బాబూ, ఒక ముక్క ఇవ్వండి."

"ఏం ముక్క?"

"బ్రెడ్డు ముక్క. లేకపోతే వరసలో నిలబడి తెచ్చివ్వండి."

క్యూ మొత్తం పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మంత్రి చెవులు కందిపోయాయి. లేచి, కారెక్కి పోయాడు.

తెల్లారేసరికి సర్కారు లారీ వచ్చింది. అంబులెన్సుకి దొరకని డీజిల్ దానికి దొరికింది. కమోడ్లన్నీ 'ప్రజా విశ్రాంతి పథకం' కింద జప్తు చేసి, దబదబా లారీలో పడేశారు. ఆ మర్నాడే అవి ముద్రలు వేయించుకుని క్యూ పక్కకి తిరిగొచ్చాయి, ఒక గుమాస్తాతో సహా. రుసుము మూడు ముక్కలు. ఒకటి ఖజానాకి, ఒకటి నిర్వహణకి. మూడోది ఎందుకని అడిగితే గుమాస్తా దగ్గాడు.

మొగుడూ పెళ్ళాలిద్దరూ మళ్ళీ అందరిలాగే వరసలో నిలబడ్డారు. ఎండ నెత్తికెక్కేసరికి మేస్త్రీ మోకాళ్ళు లాగేశాయి. దగ్గర్లోని కమోడ్ మీద కూలబడ్డాడు.

"లే! మూడు ముక్కలు పోతాయి" అని భార్య పళ్ళు కొరికింది.

ఆయన వంగి అంచు చుట్టూ చెయ్యి పోనిచ్చాడు. మొహం విప్పారింది. "మన బట్టీదేనే! అంత మోటుగా విసిరినా చూడు, ఒక్క గీత పడలేదు."

ఆవిడ మొగుణ్ణి రెక్క పట్టుకుని లేపి వరసలోకి లాగింది.