కాళ్లు బిగియకముందు

మా ఆయన ఎన్ని గంటలకు పోయాడన్నది ఆ ఆదివారం అందరికీ కావలసి వచ్చింది. తెల్లారకముందే పోయి ఉంటే నేను అబద్ధాలకోరును, అంతకంటే పాపిష్టిదాన్ని. తెల్లారినాక పోయి ఉంటే నా మాట నిజం.

అది ఎనభై తొమ్మిది, శివరాత్రి దాటిన వారం. ఆర్మూర్ పక్కన మాకు ఎకరంనర పసుపు చేను ఉండేది. పిల్లలు లేరు. ఆ రోజు కూలీలు రాలేదని ఇద్దరమే తొలికోడి కూతకు లేచి పసుపు ఉడకబెట్టాం. నాలుగు కడాయిలు దించాం. ఉడికిన కొమ్ములను ఆవిర్లు కక్కుతుండగానే గంపలకెత్తి కల్లంలో పోయాలి. అది ఆయనే చేశాడు. బనీను పిండితే నీళ్లు కారేంత చెమట పట్టింది.

తూర్పు తెల్లబడేసరికి పని ఆగింది, చలి పట్టింది. ఆయన పసుపు కుప్పకు వీపు ఆనించి అక్కడే ఒరిగాడు. అప్పుడే పోసిన కుప్ప మధ్యాహ్నం దాకా పొయ్యిలాగా కాగుతుంది. నేనే రెండు గోనెసంచులు తెచ్చి కప్పాను. కాళ్లకు చాలలేదు. అవి మంచుకు తడిసిన గడ్డి మీదనే ఉన్నాయి. బర్రె పాలు పిండి, రొట్టెలు చేసుకొస్తానంటే, "నిమ్మళంగ రా, నేను జర పండుకుంట" అన్నాడు.

పాలు పిండాను, రొట్టెలు చేశాను. వచ్చే దారిలో పటేలు ఇంటి కిటికీ దగ్గర ఆడవాళ్లంతా గుమిగూడి టీవీ చూస్తున్నారు. ఆదివారం పొద్దున ఊరంతా అక్కడే ఉండేది. నేనూ సద్దిమూట చంకన పెట్టుకుని అరగంట నిలబడ్డాను. చేను చేరేసరికి పదిన్నర.

పడుకునే ఉన్నాడు, మొహం అటు పక్కకు తిరిగి ఉంది. భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్లు వెచ్చగానే తగిలింది. రొట్టెలు చల్లారుతున్నాయి లెమ్మన్నాను. లేవకపోతే చెయ్యి పట్టి గుంజాను. చెయ్యి మడత విడలేదు. చెయ్యితో పాటు మనిషంతా కదిలాడు.

నా కేకకు పక్క చేన్లవాళ్లు వచ్చారు. ఆ వెనకే సాయవ్వ పెద్దమ్మ వచ్చింది. మా వాడలో ఎవరు పోయినా నీళ్లు పోసేది, దవడకు గుడ్డ కట్టేది, కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టేది ఆమే. వేళ్లు కట్టింది. దవడకు గుడ్డ చుట్టబోతే తల మెడ మీద తిరగలేదు. చేతులు ఛాతీ మీదికి తేబోయింది, రాలేదు. నా మొహం చూసింది. ఎప్పుడు మాట్లాడాడని అడిగింది. తెల్లారంగ అన్నాను.

"తెల్లారంగ మాట్లాడినోని చేతులు గిట్ల కట్టె లెక్క ఎట్ల అయితయే? ఎన్ని పీనుగులకు నీళ్లు పోసిన నేను. ఈయన పోయి సగం రాత్రి అయింది."

ఆమెకు నా మీద ఏ పగా లేదు. తనకు తెలిసింది చెప్పింది. కానీ ఆ మాటతో నా చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి అవతలికి పోయారు. మా బావ నడిపయ్య, ఆయనకు సొంత అన్న, నా దగ్గరికొచ్చి నెమ్మదిగానే అడిగాడు.

"రాత్రంత నువ్వేడున్నవ్? తమ్ముడు సచ్చి పడుంటే పాలెట్ల పిండినవ్? టీవీ ఎట్ల సూసినవ్?"

ఇక్కడే ఉన్నానంటే నమ్మలేదు. మనిషిని పోలీసుల దగ్గరికి పంపించాడు.

ఎస్సై వచ్చి పంచనామా రాయించి నాతో వేలిముద్ర వేయించుకున్నాడు. శవాన్ని ట్రాక్టర్ మీద ఆర్మూర్ దవాఖానకు తీసుకుపోయారు. అక్కడ ఆవరణలో మావాళ్లంతా ఒక చెట్టు కింద కూర్చున్నారు. నేను గోడ పక్కన కూర్చున్నాను. ఒక పిల్ల మంచినీళ్లు తెచ్చి, చేతికివ్వకుండా నా ముందు కింద పెట్టి పోయింది. ఏడుద్దామంటే కూడా ఏడుపు రాలేదు. ఏడిస్తే దొంగ ఏడుపంటారు, ఏడవకపోతే ఇంకోటంటారు.

కోసి చూశాక డాక్టర్ సారు బయటికొచ్చి నన్ను పిలిపించాడు. ఇక్కడివాడు కాదు, మాట వేరుగా ఉంది. రాత్రి ఏం పని చేశాడు, ఎక్కడ పడుకున్నాడు అని అడిగాడు. చెప్పాను. కుప్ప ఎంత వేడిగా ఉంటుందని అడిగాడు. చెయ్యి పెడితే ఓర్చుకోలేమన్నాను. సంచులు ఎందాక కప్పావన్నాడు. మోకాళ్ల దాకా అన్నాను. కాళ్ల వేళ్లు కట్టింది ఎవరని అడిగాడు. సాయవ్వ పెద్దమ్మ చెట్టు కింద నుంచి లేచి వచ్చింది.

"ఇప్పుడు కాళ్లు కూడా బిగిసి ఉన్నాయి. పొద్దున నువ్వు వేళ్లు కట్టినప్పుడు ఎలా ఉన్నాయి? దగ్గరికి తేవడానికి బలం పెట్టావా?"

మా బావ పెద్దమ్మనే చూస్తున్నాడు. అంతమందిలో ఆమె తను చెప్పిన మాటను తనే తీసేసుకోవాలి.

"లేదు సారూ," అంది. "పసిపోరని కాళ్ల లెక్క ఒంగినయి."

అప్పుడు డాక్టర్ ఎస్సైకి, మా బావకు వినబడేలా చెప్పాడు. బాగా కష్టపడి చెమటోడ్చి పోయిన మనిషి తొందరగా బిగుసుకుంటాడట. వేడి తగిలితే ఇంకా తొందరట. ఇంట్లో చల్లటి నేల మీద పడుకోబెట్టిన శవానికీ, ఉడికిన పసుపుకు ఆనుకుని ఉన్న శవానికీ లెక్క ఒకటి కాదట. బిగుసుకోవడం రెప్పలు, దవడ, మెడ దగ్గర మొదట తెలుస్తుందట, కాళ్లకు ఆఖరున వస్తుందట. సగం రాత్రికే పోయి ఉంటే పదిన్నరకల్లా కాళ్లు కూడా కట్టెలై ఉండేవి. ఒంటి మీద దెబ్బ లేదు, గుండె ఆగింది అన్నాడు. విషం లేదని కొన్ని వారాలకు హైదరాబాద్ నుంచి కాగితం వచ్చింది.

మా బావ నా దగ్గరిదాకా వచ్చి, వెనక్కి తిరిగి ట్రాక్టర్ మాట్లాడడానికి పోయాడు. ఆడవాళ్లు వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. పొద్దుటి నుంచి నేను కోరుకున్నది అదే. కూర్చున్నాక నాకేమీ అనిపించలేదు. నా మాట నిజమైంది. నిజమైంది కాబట్టి ఆయన నా పక్కన పోలేదు. పట్టపగలు, ఎవరూ లేని చేనులో, ఒక్కడే పోయాడు.

ఆ తర్వాత మూడేళ్లకు మా వాడలో రాత్రి బడి పెట్టారు. చదవడం వచ్చాక నాకిచ్చిన పంచనామా నకలు తీసి చూసుకున్నాను. కూడబలుక్కుంటూ రెండు రోజులు చదివాను. డాక్టర్ చెప్పిన మాటను ఆనక చివర చేర్చారు. ఉదయం ఆరు, ఎనిమిది గంటల మధ్య. టీవీ దగ్గర నిలబడ్డది ఆ తర్వాతే. అయినా అది నాకు సరిపోలేదు. ఆ రెండు గంటల్లో మెలకువ వచ్చిందా, నొప్పి వచ్చిందా, నన్ను పిలిచాడా? కాగితం ఎన్నిసార్లు చదివినా గంటలే ఉన్నాయి.

సాయవ్వ పెద్దమ్మకు అప్పటికి చూపు మందగించింది. అరుగు మీద మక్కజొన్న కంకులు ఒలుస్తూ కూర్చుంటే పోయి పక్కన కూర్చున్నాను. ఆ రోజు ఆయన మొహం ఎట్లా ఉందని అడిగాను.

"నువ్వే సూస్తివి గద బిడ్డా. నేనొచ్చేవరకు కండ్లు సుత నువ్వే మూసినవ్."

"నేను మూయలేదు పెద్దమ్మా. నువ్వు మూసినవనుకున్న."

ఆమె చేతిలో కంకి ఆగింది.

"నేనేడ మూసిన? దవడే కదలకపాయె, రెప్పలెట్ల కదుల్తయి? గవి అన్నిటికన్న ముందు బిగిస్తయి. తెర్సి ఉంటే ఎవరు మూసినా మూయరావు." కంకి పక్కన పెట్టింది. "మూసుకునే పోయిండు. నిద్రల పోయిండో ఏమో. ఒకసారి ఎరుకున్నట్టు చెప్పి నిన్ను ఆగం చేసిన. గింతకంటె నేను చెప్ప."

తట్ట నిండేదాకా ఆమెతో పాటు మక్కలు ఒలిచాను. ఇంటికొచ్చి ఆ కాగితం మళ్లీ తీశాను. బనీను రంగు ఉంది, మొలతాడు ఉంది, కప్పిన సంచుల లెక్క ఉంది. కళ్ల గురించి ఒక్క ముక్క లేదు. నా వేలిముద్ర కింద కొంచెం జాగా ఉంటే పెన్సిల్‌తో రాశాను, కళ్లు మూసుకునే ఉన్నాయి అని.