ఎస్టిల్ పక్కన కుర్చీ

"ఆ గొట్టం చప్పుడు కాసేపు ఆపగలరా?" అని అడిగింది టీవీ అమ్మాయి.

ఎస్టిల్ ముక్కులో ఉన్న గొట్టం గురించి ఆ మాట. గొట్టం రెండో కొస చక్రాల బండి మీది ఆక్సిజన్ సిలిండరులో ఉంది. అది ఆపితే మనిషి ఆగిపోతాడని ఆ పిల్లకు తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. పక్కనే నిలబడ్డ అతని పెళ్ళాం డెల్ఫాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడి వెనక, టర్కీ ఫోర్క్ లోయ ఊపిరితిత్తుల ఆసుపత్రి తలుపు మీద, ఆ పొద్దున అంటించిన నోటీసు ఉంది. ఎన్నికలు అయిన మర్నాడు ఆసుపత్రి మూత. కింద గవర్నరు సంతకం. ఆ లోయలో బొగ్గు తవ్వి, బండ కోసి, ఆ దుమ్మంతా రొమ్ములో నింపుకున్న వాళ్ళకు దిక్కు ఆ ఒక్క ఆసుపత్రే. కెమెరా వాళ్ళు నోటీసు సంగతి విని వచ్చారనుకుని డెల్ఫా సంబరపడింది కూడా.

వాళ్ళు వచ్చింది ఫొటోల కోసం. సరస్సు ఒడ్డున బంగళాలో గవర్నరు టల్లీ ఇంకొకరి భార్యతో ఉన్న ఫొటోలు దేశమంతా తిరుగుతున్నాయి. ఆవిడ ఈ జిల్లా ఆడపడుచు.

"గవర్నరు గారి వ్యవహారం బయటపడ్డాక మీకేమనిపించింది?"

ఎస్టిల్ ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకున్నాడు. "నాకేమనిపిస్తది బిడ్డా... మా దవాఖాన... మూస్తున్నరు. గది అడుగు."

"అది వేరే సంగతండీ," అని ఆమె కెమెరాను పెట్రోలు బంకు వాడి వైపు తిప్పించింది. వాడు బంగళా మంచం మీద ఓ మోటు జోకు వేశాడు. సాయంత్రం దేశమంతా వాడిని చూసింది.

ఆ రోజు నుంచి ఎస్టిల్ టీవీ ముందు నుంచి కదలలేదు. ఎవరో ఒకరు అడుగుతారని అతని ఆశ. టల్లీ తన పెళ్ళాం చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు, క్షమించమన్నాడు. అతని మీద పోటీ చేస్తున్న మేహ్యూ బైబిలు మీద చెయ్యి వేసి కుటుంబం గురించి ఉపన్యాసం దంచాడు. గనుల యజమానులు ఇద్దరికీ విందులిచ్చారు. ఏడ్చేవాడికీ ఏడిపించేవాడికీ ఆ ఫొటోలే చాటు. దుమ్ము అన్న మాట ఎత్తాల్సిన పని ఇద్దరికీ తప్పింది.

"అడిగిన్రా?" వంటింట్లోంచి వచ్చిన డెల్ఫాను ఎస్టిల్ అడిగేవాడు, ఒక్క క్షణం కునుకు పట్టి లేచినా.

"ఇంకా లేదు," అనేది ఆమె.

కోర్టు హాలులో ఇద్దరు అభ్యర్థుల మధ్య బహిరంగ వాదం పెడుతున్నారని, ఊళ్ళోని ఒక్కో సంఘం ఒక్కో ప్రశ్న ముందుగా పంపాలని కబురు వచ్చింది. గని సంఘం మీటింగు పెట్టింది. హాలు కిక్కిరిసింది. ఆ ఒక్క పూట ఎస్టిల్ కూడా టీవీ వదిలి, సిలిండరు బండితో వచ్చాడు. చిక్కుళ్ళ పులుసు, మొక్కజొన్న రొట్టె గిన్నెల్లో ఉండగానే బంగళా జోకులు, నవ్వులు మొదలయ్యాయి. నవ్వితే దగ్గు, దగ్గితే మళ్ళీ నవ్వు. సంఘం అధ్యక్షుడు, ఎస్టిల్ తమ్ముడు ఓడెల్ బల్ల గుద్దాడు.

"ఇనుండ్రి. టల్లీగాడు కూలాలె. కూలాలంటే మనోళ్ళు ఆ బంగళా ముచ్చటే అడగాలె. టీవీ అంతా దాని మీదనే ఉన్నది. దెబ్బకు పడ్తడు."

"పడితే ఎవర్ని కూసోబెడ్తవ్ మరిదీ?" డెల్ఫా లేచింది. "మేహ్యూనా? దవాఖాన నడుపుతనని వాడెన్నడన్న అన్నడా?"

"ముందుగాల వీడు పోనీ వదినా. వచ్చేటోని సంగతి తర్వాత చూసుకుందాం."

"తర్వాతనా? మీ అన్నకు తర్వాత ఉన్నదా? నీకున్నదా? నవ్వితే మొకం నీలంగైతున్నది, అద్దంల చూస్కున్నవా?"

"పరాయోని పెండ్లాంతోని పోతే అడగొద్దా?" వెనక నుంచి ఎవడో అరిచాడు.

"అడుక్కో! వాళ్ళ మొగుడు పెండ్లాలు కొట్టుకుంటరో కలిసుంటరో నాకేంది? ఎవని మంచం మీద ఎవడు పన్నడో అడుగుతరు గని, మీరు మంచం మీద పంటే ఊపిరెందుకు ఆడతలేదో అడగరేంరా?"

కొందరు తల దించుకున్నారు. అయినా చేతులు ఎత్తమంటే బంగళాకే ఎత్తారు. ఆ హాలులో చేతులు ఎత్తి తీర్మానం చేశాక ఇక తిరుగు లేదు. తరాల నాటి క్రమశిక్షణ అది. ఆ క్రమశిక్షణతోనే సమ్మెలు గెలిచారు, దానితోనే ఆ సాయంత్రం తమ గొంతు తామే నొక్కుకున్నారు. ఆసుపత్రి వైపు లేచినవి డెల్ఫా చెయ్యి, ఆసుపత్రి నర్సు రీవా చెయ్యి, ఎస్టిల్ చెయ్యి. ఎస్టిల్ మోచెయ్యి బల్లకు ఆనించి ఎత్తాడు. లెక్క అయిపోయాక కూడా దించలేదు. డెల్ఫాయే దించింది.

వాదానికి ముందు రోజు మధ్యాహ్నం, టీవీ ముందు కుర్చీలోనే అతను పోయాడు. తెర మీద బంగళా కిటికీని పెద్దది చేసి చూపిస్తున్నారు.

ఇంట్లో అతనికి తగిలించే ఊపిరి యంత్రాన్ని ఎవరూ ఆపలేదు. డెల్ఫాకు చెయ్యి రాలేదు. అది అతని ఊపిరి లయలోనే ఎగస్తూ దిగుతూ ఉంది. స్నానం చేయించినప్పుడూ, కోటు తొడిగినప్పుడూ అది ఊపిరి పీలుస్తూనే ఉంది. వంటింట్లోకి వెళితే గోడ అవతల ఎస్టిల్ ఉన్నట్టే ఉంది. "అడిగిన్రా?" అని వినపడింది. ఆమెకు భ్రమ అని తెలుసు. తెలిసినా, "ఇంకా లేదయ్యా" అని పైకే జవాబు చెప్పింది. చెప్పాక ఏడుపు ఆగలేదు.

సాయంత్రానికి జనం వచ్చారు. ఆ కొండల్లో శవాన్ని పాతిపెట్టే దాకా ఒంటరిగా వదలరు. పక్కన ఒక కుర్చీ వేస్తారు. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే చచ్చినవాడికి అవమానం. రీవా కూర్చుంది. ఓడెల్ గడప దగ్గర టోపీ నలుపుతూ నిలబడిపోయాడు, లోపలికి రాలేదు.

"రేపు ఏ చర్చిలో పెడదాం అత్తా?" అంది రీవా.

డెల్ఫా చాలాసేపు యంత్రం చప్పుడు విన్నది. తర్వాత లేచి మీట నొక్కింది. ఇల్లంతా మూగబోయింది. ఆ నిశ్శబ్దానికి అక్కడున్న మగవాళ్ళందరికీ తమ తమ ఊపిరి వినపడింది. గురగురమంటూ, ఈలలు వేస్తూ.

"చర్చి వద్దు," అంది ఆమె. "కోర్టు ముందట పెడదాం. వాళ్ళు అడగకపోతే మానె. ఆయన్ని సూడకుంట లోపలికి ఎట్ల పోతరో సూస్త."

మర్నాడు సాయంత్రం కోర్టు పచ్చిక మీద శవపెట్టె దించారు. మూత తెరిచారు. డెల్ఫా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె వెనక సిలిండర్ల బండ్లు లాక్కుంటూ వచ్చి గని మనుషులు నిలబడ్డారు. టల్లీ కారు పక్క దారిన వెళ్ళింది, మేహ్యూ దాని వెనకే వెళ్ళాడు. ఓడెల్ మాత్రం పెట్టె ముందు నుంచే వెళ్ళాడు. సంఘం ప్రశ్న చదవాల్సింది అతనే. ఎస్టిల్ ముఖం చూసి మెట్లెక్కాడు.

లోపలి మాటలు బయట మైకుల్లో వినపడుతున్నాయి. బంగళా, ఫొటోలు, పశ్చాత్తాపం, మళ్ళీ బంగళా. తర్వాత గని సంఘం పేరు పిలిచారు.

"గవర్నరు గారూ," అన్నది ఓడెల్ గొంతు. ఆగింది. దగ్గు. "మా దవాఖాన ఎందుకు మూస్తున్నరు? మేహ్యూ గారూ, మీరు తెరుస్తరా? ఇద్దరు జెప్పాలె."

"మీరు పంపిన ప్రశ్న ఇది కాదు," అని ఎవరో అన్నారు.

"తెలుసు. మేం తప్పు ప్రశ్న పంపినం. బయట మా అన్న పన్నడు, ఆయన..."

మైకు తెగింది. అంతలో కోర్టు తలుపులు తెరుచుకున్నాయి. ఓడెల్ వచ్చాడు. అతని వెనక బడి పంతుళ్ళు, కొట్ల వాళ్ళు, నర్సులు, గని ఆడవాళ్ళు వచ్చారు. కెమెరాలకు లోపల ఖాళీ బల్లలు మిగిలాయి, వేదిక మీద ఇద్దరు పెద్దమనుషులు మిగిలారు.

షరీఫు కింద పనిచేసే పోలీసు లాండన్ డెల్ఫా దగ్గరికి వచ్చాడు. వాళ్ళ నాన్న కూడా ఎస్టిల్‌తో బొగ్గు కోసినవాడే.

"పెద్దమ్మా, శవాన్ని ఈడ పెట్టుడు నేరం. పైనుంచి గట్టిగ చెప్తున్నరు. లెవ్వు."

"కుర్చీ ఇడ్సిపెట్టి ఎట్ల లేస్త? మీ నాయన పోయిన్నాడు మేం లేసినమా?"

అతను ముఖం తిప్పుకున్నాడు. చెయ్యి పట్టుకుని లేపాడు. ఆమె లేచిందో లేదో, రీవా కూర్చుంది.

జైలు గది కోర్టు వెనకే. కిటికీ లేదు. డెల్ఫా గోడకు ఆనుకుని కూర్చుంది. భయం వేసింది, అరెస్టుకు కాదు, ఎస్టిల్‌ను ఒంటరిగా వదిలేస్తారేమోనని. కాసేపటికి తలుపు తెరిచి, ఆ కుర్చీలో కూర్చున్నందుకు రీవానూ లోపలికి తోశారు.

"కుర్చీల ఎవరున్నరే?"

"బంకోడు కూసున్నడు అత్తా. ఎవరు చెప్పలె, వాడే వచ్చిండు."

పెట్రోలు బంకు వాడూ వచ్చాడు. "ఓడెల్ అన్న కూసున్నడు," అన్నాడు, ఆమె కళ్ళలోకి చూడలేక. ఆ తర్వాత ఓడెల్ సిలిండరు బండితో సహా వచ్చాడు. గుమ్మంలోనే టోపీ తీశాడు.

"వదినా, నా చెయ్యి ఆనాడు..."

"ఆ ముచ్చట ఇప్పుడొద్దు. ఎవరున్నరు?"

"బయట వరుస ఉన్నది వదినా. కోర్టు మూల దాక."

గది నిండింది. నిలబడే చోటు కూడా లేదు. ఆక్సిజను గొట్టాల బుసలు, దగ్గులు, గోడ నుంచి గోడకు. చివరికి లాండన్ ఒక్కడే వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చెమట కారుతోంది.

"ఇంక జాగ లేదు పెద్దమ్మా. మిమ్మల్ని ఇడ్సిపెట్టమన్నరు. పొద్దున పాతిపెట్టుకోండ్రి, ఏమనరట."

"పాతిపెట్టం," అంది డెల్ఫా, లేస్తూ. "పొద్దున మా మనిషిని దవాఖాన గడపల పెడతం. కుర్చీ కూడ ఆడనే ఏస్తం. దానికి తాళమెయ్యాలంటే మమ్ముల తొక్కుకుంట పోవాలె. పోయి పైనోళ్ళకు చెప్పు."

లాండన్ తలుపు బార్లా తీశాడు. అందరూ బండ్లు లాక్కుంటూ పచ్చిక వైపు నడిచారు.