అక్కకు మిగిలిన మాట

ల్యాబులో అతన్ని పిసినారి అనేవారు. డబ్బు దగ్గర కాదు, కరెంటు దగ్గర. కృత్రిమ మేధను నడిపే పెద్ద కంప్యూటర్లు ఏనుగులు మేసినట్టు కరెంటు మేస్తుంటే, ఇతగాడు వాచీలో వేసే బిళ్ల బ్యాటరీతో ఏళ్ల తరబడి నడిచే చిప్ చేస్తానని కూర్చున్నాడు. కిటుకు మెదడు దగ్గర అరువు తెచ్చుకున్నాడు. మెదడులో కణాలు మనలాగా ఊరికే వాగవు, కొత్తగా ఏదైనా తగిలితేనే పలుకుతాయి. పిండిమర పక్కన కాపురం ఉన్నవాడికి కొన్నాళ్లకు మర మోత వినపడదు. అతని చిప్పూ అంతే. అలవాటైన చప్పుడుకు కదలదు, కదలకపోతే కరెంటు తాగదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గనక, ఆ చిప్ బిగించిన మొదటి పెట్టెను ఇంట్లోనే అక్క మంచం పక్కన పెట్టాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. తల్లి పోయాక ఈ అక్క అడక్కుండానే పెట్టి అతన్ని పెంచింది. ఇప్పుడు పక్షవాతం ఆమె కుడి పక్కనంతా పడగొట్టి, మాటలన్నీ ఊడ్చుకుపోయి, ఒక్కటి మాత్రం వదిలేసింది. తమ్ముణ్ణి పిలిచే పిలుపు, "ఒరే." నీళ్లు కావాలన్నా ఒరే, ఎదురుగా ఉన్నది మరదలైనా ఒరే.

ఆ ఒక్క మాటలో ఏది ఏదో తెలిసింది తమ్ముడికే. సాగదీస్తే దాహం. పొట్టిగా రెండుసార్లంటే పక్క మార్చాలి. గొంతు కిందికి దిగితే నొప్పి. అతని భార్యకు మాత్రం అన్నీ ఒకేలా వినపడేవి. "ఏమంటున్నారండీ వదిన?" అని అడిగి అతను చెప్పింది చేసేది.

అతను ఇదంతా పెట్టెకూ నేర్పాడు. పిలుపు వినగానే అది భార్య ఫోనుకు గంట కొడుతుంది. వీధి చివర మందుల షాపులో పనిచేసే ఆమె పరుగున వస్తుంది. అది దగ్గో గొణుగుడో అయితే పెట్టె మీద "మామూలే" అని రాసిన మీట నొక్కాలి. నొక్కిన కొద్దీ పెట్టె అలాంటి చప్పుడును పట్టించుకోవడం మానేస్తుంది.

"ఏమయ్యా పిసినారీ, నీ పెట్టె రోజంతా వాగుతోందే!" అన్నాడు ల్యాబు డైరెక్టరు. ఇంట్లో పెట్టె ఎంత కరెంటు తాగుతోందో ఎప్పటికప్పుడు ల్యాబు తెర మీద గీతగా పడుతుంది, దాన్ని చూపిస్తూ.

"మా అక్క నిజంగానే పిలుస్తుంది సార్. పిలిచినప్పుడల్లా..."

"పిలవనీ. శుక్రవారం కొనేవాళ్లు వస్తున్నారు. ఆ గీత పడుకోవాలి. పడుకోకపోతే నీ చిప్పూ వద్దు, నువ్వూ వద్దు."

ఆ సాయంత్రం అక్క సాగదీసి పిలిచింది. నీళ్లు తాగించాడు, మూతి తుడిచాడు, మీట నొక్కాడు. పక్క మార్చాడు, మీట నొక్కాడు. నొప్పి అంటే మాత్ర వేశాడు, మళ్లీ నొక్కాడు. మనిషి చెడ్డవాడు కాదట, అలా అని తనకు తానే చెప్పుకున్నాడు. "రెండు రోజులు ఓర్చుకో అక్కా. వాళ్లెళ్లాక దీనికి మళ్లీ అన్నీ నేర్పిస్తా" అన్నాడు. అక్క సగం మూతితో నవ్వింది. తమ్ముడు పక్కన కూర్చున్నాడన్న సంతోషం, పాపం!

శుక్రవారం పొద్దున భార్యతో, "అక్కకు నయంగా ఉంది. పెట్టె మోగితేనే రా" అని చెప్పి బయల్దేరాడు.

తెర మీద గీత చాప పరిచినట్టు పడుకుంది. వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అక్క అంతసేపు పిలవకుండా ఉండదని ఆ గదిలో తెలిసినవాడు అతనొక్కడే. ఒక్క ఫోను చేస్తే పోయేది. చేస్తే భార్య వెళ్తుంది, వేళ కాని వేళ తలుపు చప్పుడుకు గీత లేస్తుంది. చెయ్యలేదు. డైరెక్టరు భుజం తడుతుంటే నవ్వుతూ కాఫీ తాగాడు.

షాపులో రద్దీగా ఉండి, పెట్టె ఎలాగూ మోగలేదు కదా అని, భార్య మధ్యాహ్నం భోజనానికి కూడా ఇంటికి రాలేదు. సాయంత్రం వచ్చేసరికి అక్క ఎడమ చెయ్యి మంచం కమ్మీల మధ్య ఇరుక్కుని, ఒంటి బరువంతా దాని మీద పడి, నల్లబడిపోయి ఉంది.

డాక్టరు కట్టు కట్టి, ఈ చెయ్యి ఇక లేవకపోవచ్చన్నాడు. ఆమెకు మిగిలిన చెయ్యి అదొక్కటే. అతను ఆసుపత్రికి చేరేసరికి భార్య ఏడుస్తోంది.

"ఎంత నరకం పడ్డారో! ఒక్కసారైనా పిలవలేదా అండీ? పెట్టె మోగనే లేదు."

"పిలవలేదు. పిలిస్తే మోగేదిగా. నిద్రలో ఇరుక్కుని ఉంటుంది, తెలిసుండదు."

అక్క తల తిప్పింది. అరిచి అరిచి గొంతు రాసుకుపోయింది. అయినా ఉన్న బలమంతా కూడదీసుకుంది.

"ఒరే!"

ఎన్నడూ అనని తీరులో అంది. అతనికి అర్థం కాకపోవడమేమిటి, పూర్తిగా అర్థమైంది.

"ఏమంటున్నారండీ?" అంది భార్య.

"దాహమంటోంది" అన్నాడు.

భార్య గబగబా గ్లాసు తెచ్చి, తల కింద చెయ్యి పెట్టి లేపింది. "తాగండి వదినా." అక్క పెదవులు బిగించుకుంది. తమ్ముడి మీద నుంచి చూపు తియ్యలేదు. నీళ్లు గడ్డం మీదుగా మెడలోకి కారుతున్నాయి.

"నిదానంగా పట్టు. తాగుతుంది" అన్నాడతను.