ఇరుక్కున్న డొల్ల

తిన్ పే తుపాకి ఒక్కసారే పేలింది.

తాటితోపులో బోర్లా పడుకున్న నీలార్‌కి అంతా కనబడుతూనే ఉంది. నువ్వుల బస్తాలు ఎత్తిన బండ్లు వంతెన వైపు కదులుతున్నాయి. బస్తాలు ఆమె ఊరు తమాగోన్ రైతులవి. ఎడ్లు వాళ్ళవే, తోలుతున్నదీ వాళ్ళే. వెనకాల తుపాకులు పట్టుకుని నడుస్తున్నది మాత్రం సైనికులు. బండ్లు వంతెన ఎక్కకముందే సైనికులను చెదరగొట్టాలని ఊరి దళం అనుకుంది. గట్టు చాటున తిన్ పే, ఇంకో ఇద్దరు కాపువేశారు.

మొదటి తూటాకి ఒక సైనికుడు కూలాడు. తిన్ పే తుపాకి మీది పిడిని వెనక్కి గుంజాడు. మళ్ళీ గుంజాడు. మడమతో తన్నాడు. అది కదల్లేదు.

ఆ గుంజుడుకి అర్థం నీలార్‌కి తెలుసు. పేలిన తూటా డొల్ల బయటికొస్తేనే రెండో తూటా లోపలికి పోతుంది. డొల్ల లోపలే బిగుసుకుంటే చేతిలో ఉన్నది తుపాకి కాదు, ఇనుపకర్ర. ఆ తుపాకిని ముక్క ముక్కా కూర్చి బిగించింది తనే.

మిగతా ఇద్దరూ వెనక్కి తగ్గారు. సైనికులకూ సంగతి తెలిసిపోయింది. పరిగెత్తకుండా, నవ్వుకుంటూ నడిచి వచ్చారు. తిన్ పే తుపాకిని తిరగేసి కర్రలా ఎత్తాడు. కాల్చారు. కాళ్ళకు తాడు కట్టి శవాన్ని ఆఖరి బండికి తగిలించారు. "తోలరా!" అని బండివాడి వీపుమీద తుపాకితో పొడిచారు. నిండుగా పారుతున్న వాగు మీద, టేకు పలకల వంతెన మీద, బండి వెంట తిన్ పే తల కొట్టుకుంటూ పోయిన చప్పుడు తాటితోపు దాకా వినబడింది.

మర్నాడు మఠం చావడిలో ఊరంతా చేరింది. దళానికి పెద్ద జేయా. సైన్యం గద్దెనెక్కి బడులను గుప్పిట్లో పెట్టుకున్న రోజున ఉద్యోగం వదిలేసి వచ్చిన మాస్టారు. తిన్ పే త్యాగం గురించి ఆయన నాలుగు మాటలు చెప్పాడో లేదో, వెనక నుంచి ఎవరో అరిచారు.

"త్యాగం సరే మాస్టారూ, తుపాకి ఎందుకు పేల్లేదో చెప్పండి!"

"మా తమ్ముడిదీ మొన్న ఇలాగే పట్టేసింది."

"కార్ఖానా వాళ్ళని అడగండి!"

కార్ఖానా అంటే మఠం వెనక రేకుల పాక, ఒక పాత లేతు మిషను, నీలార్, ఊ ఓన్. ఊ ఓన్ ముసలాయన. ఒకప్పుడు మోటారు సైకిళ్ళు బాగుచేసేవాడు. నీలార్ రంగూన్‌లో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. అందరి కళ్ళూ ఆమె మీద పడ్డాయి.

"తుపాకిని రోజూ శుభ్రం చెయ్యాలి," అంది. "తుడవకపోతే మసి పేరుకుంటుంది. డొల్ల పట్టేస్తుంది."

తిన్ పే భార్య సాన్ యీ లేచి నిలబడింది. బుగ్గల మీద రోజూ ఉండే చందనం పూత లేదు. కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి.

"ఏమన్నావ్ అమ్మాయ్? మా ఆయన తుడవలేదా?"

"అక్కా, నేను..."

"నేను కట్టుకునే లుంగీ చించి పేలికలు చేసి తుడిచేవాడు. ఇదిగో చూడు, మోకాళ్ళ దాకా వచ్చింది. ఆ తుపాకికి చేసిన ఊడిగం నాకు చేసుంటే మహారాణిలా బతికేదాన్ని. చచ్చినోడు తిరిగి మాట్లాడలేడని తప్పు వాడి మీదకే తోస్తావా?"

చావడిలో రభస రేగింది. నీలార్ తల వంచుకుంది. రంగూన్ ఫ్యాక్టరీలో సూది విరిగితే సూపర్‌వైజరు ఇదే మాట అనేవాడు: "మిషను మంచిదే, నీ చెయ్యే మంచిది కాదు." ఒకరోజు లైను లైనంతా చేతులు కట్టుకుని కూర్చున్నారు. మిషను విప్పి చూపిస్తేగానీ లేచేది లేదన్నారు. ఆ రోజు ముందు కూర్చున్నది తనే. ఇప్పుడు ఆ సూపర్‌వైజరు మాట తన నోట్లోంచే వచ్చింది.

"తప్పు మాటన్నాను," అంది తలెత్తి. "తుపాకులన్నీ తెప్పించండి. అందరి ముందూ విప్పుతాం, అందరి ముందూ కాల్చి చూపిస్తాం."

జేయా అడ్డుపడ్డాడు. "వద్దు. మన ఆయుధాలు పనికిరావని ఊరంతా తెలిస్తే గుండె జారిపోతుంది. శత్రువు చెవినా పడుతుంది."

"శత్రువుకి నిన్ననే తెలిసింది మాస్టారూ," అన్నాడు ఊ ఓన్. "తెలియనిది మనకే."

"బియ్యం మావి, బిడ్డలు మావాళ్ళు," అంది ఒక ముసలామె. "వాళ్ళ చేతుల్లో ఏ ఇనుము పెడుతున్నారో మాకు చెప్పరా?"

ఊరు ఆ మాట పట్టుకుంది. జేయా "సరే, మీ అందరి మాటే నా మాట," అని పక్కకు తప్పుకున్నాడు.

మఠం వెనక గండిలో పరీక్ష మొదలైంది. కొన్ని తుపాకులు బాగా పేలాయి, కొన్ని పట్టేశాయి. పట్టేసినవి విప్పి తుడిచారు. మళ్ళీ పట్టేశాయి. డొల్ల అంచుని పట్టి లాగే చిన్న కొక్కెం అరిగిందేమోనని ఊ ఓన్ మార్చి చూశాడు. కొత్త కొక్కెమూ జారిపోయింది. స్ప్రింగు బలం చాల్లేదేమోనని అదీ మార్చారు. లాభం లేదు. బాగా పేలిన తుపాకే రెండోసారి పట్టేసింది. అది చూసి జనం మరీ బెదిరిపోయారు.

"తుపాకిలో దయ్యం దూరింది," అన్నాడొకడు.

నీలార్ ఇరుక్కున్న డొల్లలను ఒక్కొక్కటే పొడిచి తీయించి ఎండలో వరసగా పెట్టింది. బాగా వచ్చిన వాటిని పక్కన పెట్టింది. ఊ ఓన్, జేయా ఆమెతో పాటు వంగి చూశారు. చాలాసేపటికి జేయాయే అన్నాడు, "ఇరుక్కున్నవన్నీ రెండోసారి నింపినవి."

నిజమే. కొత్త తూటాలు దొరక్క, పాత డొల్లల్లోనే మందు నింపి మళ్ళీ వాడుతున్నారు. ఒకసారి పేలిన డొల్ల కాస్త ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని మళ్ళీ పేలిస్తే లోపల గోడకు కరుచుకుంటుంది. చిన్న కొక్కెం దాన్నేం లాగుతుంది?

"ఈ డొల్లలు ఎక్కడివి?" అన్నారెవరో.

సమాధానం అందరికీ తెలుసు. కాల్పులు జరిగిన ప్రతిచోటికీ ఆడవాళ్ళు వెళ్ళి ఏరుకొచ్చారు. అందరికంటే ఎక్కువ ఏరింది సాన్ యీ. 'మా ఆయన తుపాకికి మేత' అని నవ్వుకుంటూ బుట్ట తెచ్చి పాకలో దింపేది.

సాన్ యీ తన చేతుల వంక చూసుకుంది.

"నేనే ఏరాను," అంది. "వాడి చావు నేనే ఏరి తెచ్చానా?"

నింద తన మీద నుంచి జారిపోయినందుకు నీలార్‌కి ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

"లేదక్కా. నువ్వు తెచ్చావు, ఉబ్బిందో లేదో చూడకుండా నింపింది నేను."

"నింపమన్నది నేను," అన్నాడు జేయా.

అప్పటిదాకా నోరు విప్పని మనిషి ముందుకొచ్చాడు. మౌంగ్ క్యే, ఆఖరి బండి తోలినవాడు. ఆ ఉదయమే సైనికులు వదిలేస్తే నడిచి వచ్చాడు.

"వాణ్ణి ఈడ్చిన బండి తోలింది నేను," అన్నాడు. "కొరడా నా చేతిలో ఉంది, తుపాకి నా వీపుమీద ఉంది. సాన్ యీ చంపిందంటే నేనూ చంపినట్టే. మనలో మనం ఇలా హంతకుల్ని వెతుక్కుంటే వాళ్ళకి తూటా ఖర్చు కూడా ఉండదు. చంపింది వాళ్ళు. మిగిలిన నువ్వులకి మళ్ళీ వస్తారంట, ఈసారి ఊరు కాలుస్తారంట. నా ముందే అనుకున్నారు. ఏం చేద్దామో చెప్పండి."

నమ్మదగ్గ తూటాలు ఏరితే గుప్పెడే మిగిలాయి.

"వీటితో యుద్ధం చెయ్యలేం," అన్నాడు జేయా.

"వంతెన ఊడదీద్దాం," అన్నాడు మౌంగ్ క్యే.

చావడిలో రేగినంత రభస మళ్ళీ రేగింది. ఆసుపత్రికి పోవాలన్నా, సంతకు పోవాలన్నా అదొక్కటే దారి. పైగా ఎగువన కాన్‌ఫ్యూ ఊరి వంతెన ఉండనే ఉంది. ఆ ఊరు భయపడి సైన్యానికి వండి పెడుతోంది. ఇది ఊడితే వాళ్ళు అటు తిరిగి వస్తారు.

"రానీ, నాలుగు రోజులు పడుతుంది," అంది సాన్ యీ. "నువ్వులు గండిలోకి చేరతాయి, పిల్లలు చేరతారు. కట్టింది మన చేతులు, ఊడదీసేదీ మన చేతులే. పదండి!"

గునపాలు, సుత్తులు, ఎడ్లకు కట్టిన మోకులు తెచ్చారు. సగం పలకలు ఊడేసరికి అవతలి ఒడ్డున లారీల దుమ్ము లేచింది. జేయా పలకల దగ్గర జనంతో ఉండిపోయాడు. గుప్పెడు తూటాలూ పట్టుకుని నీలార్, ఊ ఓన్, మరో ఇద్దరు గట్టు చాటుకి చేరారు.

"చేసినవాళ్ళమే తుపాకి మొయ్యాలి, అంతేనా అమ్మాయ్?" అన్నాడు ముసలాయన.

"అంతే బాబాయ్."

నీలార్ కాల్చిన ప్రతిసారీ డొల్ల ఎగిరి గడ్డిలో పడింది. పడిన ప్రతిసారీ ఆమెకు వంతెన మీద ఈడ్చుకుపోయిన తలే గుర్తొచ్చింది. వెనక జనం "హో!" అని మోకు లాగుతున్నారు. పెద్ద దూలం కదిలి, ఒరిగి, వాగులో పడింది. జనం కేక వేశారు. ఆ కేక విని పక్కకు తిరిగిన నీలార్‌కి, తుపాకి మీద నుదురు ఆనించి నిద్రపోతున్నట్టు ఊ ఓన్ కనిపించాడు. చెవి పక్కన రక్తం.

సైనికులు అవతలే ఆగిపోయి తిట్టుకుంటూ లారీలు తిప్పారు, ఎగువకు.

శవాన్ని గండిలో పూడ్చేద్దామన్నాడు జేయా. సాన్ యీ ఒప్పుకోలేదు. "మా ఆయన్ని వాళ్ళు ఊరేగించారు. ఈయన్ని మనం కాన్‌ఫ్యూ దాకా ఊరేగిద్దాం. బండి కట్టు తమ్ముడూ."

లారీలు తిరిగి రావాల్సిన రోడ్డు చాలా చుట్టు. వాగు గట్టు బాట దగ్గరి దారి. మౌంగ్ క్యే బండి తోలాడు. వెనక తమాగోన్ అంతా నడిచింది. కాన్‌ఫ్యూ వంతెన మొదట్లో బండి ఆపారు. ఆ ఊరివాళ్ళు గుమిగూడారు, దగ్గరికి మాత్రం రాలేదు.

"వెళ్ళిపోండి," అన్నాడు వాళ్ళ పెద్దమనిషి చేతులు జోడించి. "మా పిల్లలున్నారు. మిమ్మల్ని చూస్తే మమ్మల్ని కాలుస్తారు."

"మేం దాక్కోవడానికి రాలేదు," అంది నీలార్. "చెప్పడానికి వచ్చాం. మా తుపాకులు మంచివి కావు. తూటాలు అయిపోయాయి. ఈయన నా గురువు, నా పక్కనే పోయాడు. మీకు కాపలా కాస్తామని మాటివ్వలేను. మా వంతెన ఊడదీశాం. ఇది మీది, మేం ముట్టుకోం. మీరు ఉంచితే రేపు మా ఊరి మీదికి ఇక్కణ్ణుంచే వస్తారు, ఎల్లుండి మీ నువ్వులకి వస్తారు."

ఎవరూ కదల్లేదు. బండి తిప్పమందామని నీలార్ మౌంగ్ క్యే వైపు చూసింది.

కాన్‌ఫ్యూ గుంపులోంచి ఒక లావుపాటి ఆడమనిషి బయటికొచ్చింది. సైన్యానికి పెద్ద కుండలతో వండి పెట్టేది ఆవిడేనని తర్వాత తెలిసింది. ఊ ఓన్ ముఖం మీది గుడ్డ తొలగించి చూసింది. మళ్ళీ కప్పింది.

"పెద్దాయన్ని నీడన పెట్టండమ్మా, ఎండ పడుతోంది," అంది.

తర్వాత తన ఊరివాళ్ళ వైపు తిరిగింది.

"నా వంట తిని వెళ్ళే ఈ పెద్దాయన్ని చంపారు. ఇంక వండను. ఏం చూస్తారు? గునపాలు ఏ ఇంట్లో ఉన్నాయో నేనొచ్చి చూపించాలా?"

మొదట ఒకడు కదిలాడు. తర్వాత నలుగురు. పెద్దమనిషి జోడించిన చేతులు దించి, ఇంట్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు భుజాన మోకు ఉంది.