ముబీనా ఎట్ వన్ టూ త్రీ

జాన్ సైదా కీబోర్డును తలకిందులుగా పట్టుకుని వెనకవైపు అరచేత్తో గట్టిగా కొట్టాడు. బిస్కెట్ పొడి, ఎవరిదో తెల్లవెంట్రుక బల్ల మీద రాలాయి. తడిపి పిండిన బనియన్ గుడ్డతో బటన్లన్నీ తుడిచాడు. ఎమ్, యు, బి బటన్ల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. పక్కనే మొబైల్ షాపు నడిపే మేనల్లుడు షాకిర్ చూసినప్పుడల్లా, “కొత్తది తెచ్చుకో మామూ, జనం నవ్వుతున్నారు” అంటాడు. సైదాకు అక్కర్లేదు. చూసి కొట్టే అలవాటు ఆయనకు లేదు. కుర్రతనంలో తెనాలి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేతుల మీద అట్టముక్క కప్పి మరీ నేర్పినవాడు.

ఇప్పుడు రేపల్లె స్టేషన్ రోడ్డులో ఆన్‌లైన్ షాపు. హాల్‌టికెట్లు, రైలు టిక్కెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు, అన్నీ ఇక్కడే. ఏ పనికైనా మెయిల్ కావాలి, మెయిల్‌కు పాస్‌వర్డ్ కావాలి. ఇవాళ పెట్టుకున్న పాస్‌వర్డ్ రేపటికి మర్చిపోయి, తప్పంతా సైదాదే అన్నట్టు వచ్చి మీద పడేవాళ్లు జనం. ఆ గోల భరించలేక ఆయన అందరికీ ఒకటే పెట్టేశాడు. భార్య ముబీనా పేరు, దాని పక్కన ఎట్ గుర్తు, వన్ టూ త్రీ. అంతటితో ఆగాడా అంటే లేదు, వచ్చిన ప్రతివాళ్లకూ బాగా వినపడేలా రెండుసార్లు చెప్పి పంపేవాడు. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

ఆ సంగతి తెలిసి ముబీనా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “నన్ను ఊరంతటికీ తాళంచెవి చేశారు కదండీ!” అంది.

ముబీనా పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఆ పేరు పలికేవాళ్లు లేరు. షాపులో మాత్రం రోజూ ఎవరో ఒకరు కుర్చీ లాక్కుని కూర్చుంటూనే, “ముబీనా ఎట్ వన్ టూ త్రీ అండి” అంటారు. రొయ్యల చెరువుల వాళ్లు అంటారు, నర్సింగ్ పిల్లలు అంటారు, ఆమెను ఒక్కనాడూ చూడనివాళ్లు అంటారు. సైదా ఆ మాట కోసమే షాపు తెరుస్తున్నాడంటే అబద్ధం కాదు.

ఆ రోజు తెనాలి బండి దిగినవాళ్లు ఇంకా రోడ్డెక్కకముందే రైతు లక్ష్మీనారాయణ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సాయిసుధ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“బాబాయ్, నా కాలేజీల వరుస ఎవరో మార్చేశారండి.”

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్. ఏ కాలేజీ ముందు కావాలో వరుసగా పెట్టుకోవాలి. సాయిసుధ బాపట్ల కాలేజీని మొదట పెట్టుకుంది. రోజూ బస్సులో వెళ్లి రావచ్చు, తల్లికి ఒంట్లో బాగుండదు కాబట్టి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. సైదాయే దగ్గరుండి పెట్టాడు, పాస్‌వర్డ్‌తో సహా. ఇప్పుడు తెర మీద బాపట్ల అట్టడుగున ఉంది. పైన ఎక్కడో చిత్తూరు దాటిన ఊరి కాలేజీ.

“సాయంత్రంతో మూసేస్తారంట గదండీ,” అన్నాడు లక్ష్మీనారాయణ. “పొద్దున పిల్ల ఫోన్లో చూసుకోబట్టి సరిపోయింది.”

“నా పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు బాబాయ్?”

సైదా నోరు తెరిచేలోపే వెనక బెంచీ మీద పున్నయ్య అందుకున్నాడు. జంపని నుంచి పాసుపుస్తకం ప్రింటు కోసం వచ్చిన పెద్దాయన. “ముబీనా ఎట్ వన్ టూ త్రీయేగా అమ్మాయ్, ఎవరికి తెలవదు? నాదీ అదే!”

లక్ష్మీనారాయణ కోప్పడలేదు. “అదేంటి సైదా గారూ, అందరికీ ఒకటేనా?” అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

సర్వర్ నత్తనడక నడుస్తోంది. పేజీ సగం తెరుచుకుని ఆగిపోయేది. సైదా లేచేవాడు, వాకిట్లోకి వెళ్లేవాడు, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. షాకిర్ పంపిన టీ మీద మీగడ కట్టింది. చివరికి బాపట్ల మళ్లీ పైకి వచ్చింది. సాయిసుధను తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

“కొత్త పాస్‌వర్డ్ నువ్వే కొట్టమ్మా. నాకు చెప్పొద్దు. మీ నాన్నక్కూడా చెప్పొద్దు. పేరు పెట్టొద్దు, పుట్టినరోజు పెట్టొద్దు. ఒకదానికొకటి పొంతన లేని మాటలు నాలుగు కలుపు.”

వాళ్లు వెళ్లాక కూడా ఆయనకు కాలు ఒకచోట నిలవలేదు. ఇవాళ ఈ పిల్ల సంగతి బయటపడింది. రేపు ఎవరి దరఖాస్తు, ఎవరి ఉత్తరాలు? ఎవరో చేసి ఉండవచ్చు, ఆకతాయితనానికైనా చేసి ఉండవచ్చు. ఎవరని వెతుకుతాడు? తలుపులన్నీ తానే తీసిపెట్టాడు. ఫోన్ తీసి వరసగా అందరికీ చేయడం మొదలుపెట్టాడు. “ఒకసారి షాపుకి రండి, పాస్‌వర్డ్ మార్చుకోవాలి. లేదండీ, ఇవాళే రండి.”

మధ్యాహ్నానికి షాపు ముందు చెప్పులు పోగుపడ్డాయి. అన్నం క్యారేజీ మూత తీయలేదు. ఒక్కొక్కరు కూర్చోవడం, పాత పాస్‌వర్డ్ గడిలో ముబీనా పేరు కొట్టడం, కింద కొత్తది పెట్టడం. కొట్టడం రానివాళ్లకు పాతది సైదా కొట్టాడు. కొత్తదానికి వేలితో వెతుక్కోమని గోడవైపు తిరిగాడు.

మనవడి స్కాలర్‌షిప్పు మెయిల్ చూసుకునే సుబ్బరత్నమ్మ మాత్రం ససేమిరా అంది.

“ఎందుకు బాబూ మార్చటం? ఆ పేరు అలవాటైపోయింది. రేషన్ షాపులో వేలిముద్ర పడకపోయినా ముబీనా అనుకుంటే పడుద్ది నాకు.”

“తప్పదు పిన్నిగారూ.”

“సరే, అయితే బీరకాయ, గొడుగు...”

“నాకు చెప్పొద్దండీ!”

“నీకు చెప్పకపోతే నాకెట్టా గుర్తుంటది?” అని ఆమె బజారంతా వినేలా అంది. బెంచీ మీద వాళ్లు నవ్వారు. సైదా కూడా నవ్వాడు. ఆమె చేత మళ్లీ వేరేది పెట్టించడానికి చాలాసేపు పట్టింది. వెళ్తూ వెళ్తూ సుబ్బరత్నమ్మ గుమ్మంలో ఆగింది. “ఇంతకీ ముబీనా అంటే ఎవరు బాబూ? మీ అమ్మాయా?”

“మా ఆవిడండి.”

“చల్లగా ఉండాలి తల్లి,” అని మెట్లు దిగింది. సైదా ఆమెను సరిదిద్దలేదు.

పొద్దు వాలాక జనం పలచబడ్డారు. రానివాళ్లు రేపు వస్తారు, లేదంటే తానే ఇళ్లకు వెళ్లాలి. ఈ వారం తిరిగేసరికి ఊళ్లో ఆ పేరు పలికేవాళ్లు ఉండరు. పొద్దుటినుంచీ ఒంట్లో ఉన్న ఆదుర్దా దేనికో సైదాకు అప్పుడు అర్థమైంది. ఖబరస్తాన్‌లో ఆమె మీద పిడికెడు మట్టి వేసినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదు. అప్పుడు చుట్టూ మనుషులున్నారు.

టైపు నేర్చుకోవడానికి వచ్చిన మొదటిరోజు ఆమె అట్టముక్క కింద నుంచి బటన్లను దొంగచూపులు చూసింది. సైదా గదమాయించాడు. “కనపడకపోతే నా పేరు నేనెట్లా కొట్టుకోవాలండీ?” అంది. అదే ఆమె ఆయనతో మాట్లాడిన మొదటి మాట. కిందటేడు వానల్లో జ్వరమని పడుకుంది. తెనాలి ఆసుపత్రిలో సైదా మందుల కోసం కిందికి దిగి తిరిగి పైకి వచ్చేసరికి పోయింది.

ఇక తన మెయిల్ ఒక్కటి మిగిలింది. వదిలేద్దామనుకున్నాడు, ఇది నా ఒక్కడిదే కదా అనుకున్నాడు. కానీ ఊరివాళ్ల కాగితాలన్నీ ఆ మెయిల్‌లోనే ఉన్నాయి. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. పాత పాస్‌వర్డ్ గడిలో నెమ్మదిగా, ఒక్కో అక్షరమే కొట్టాడు. ఆమె పేరు తెర మీద నల్లచుక్కలుగా పడింది. కాసేపు ఆ చుక్కల్ని చూస్తూ కూర్చున్నాడు. కింద గడిలో కొత్తది కొట్టాడు. ఏం పెట్టాడో మనకు తెలియదు, తెలియకూడదు కూడా. ఎంటర్ నొక్కాడు. చుక్కలు పోయాయి. పాస్‌వర్డ్ మారిందని తెర చెప్పింది.

బయట షాకిర్ పిలిచాడు. “మామూ, ఇంటికి పోదామా?”

“పద,” అన్నాడు సైదా. కళ్లు తుడుచుకుని, ముట్టని క్యారేజీ చేతికి తగిలించుకుని, లైటు ఆపి షట్టరు దించాడు. లోపల బల్ల మీద కీబోర్డు ఉండిపోయింది, ఎమ్, యు, బి బటన్ల మీద అక్షరాలు లేకుండా.