గలీనాకు ఒక ఫోను

అల్లం ఎక్కువైందేమో, మొదటి గుక్క తర్వాత అతను కప్పు ముట్టలేదు, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళకు మన టీ రుచించదేమో, కానీ మాదీ మీలాగే విజయనగరమేనమ్మా అన్నాడు కదా వచ్చీ రాగానే, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు కూడా, భుజంగరావట, నిఘా శాఖట, నిజం పేరో కాదో, అంత మర్యాదగా చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి ఇలాంటి పని మీద వచ్చాడని వెరోనికా ఎలా అనుకుంటుంది, జాముల్ ఫ్యాక్టరీ వైపు నుంచి సిమెంటు దుమ్ము మోసుకొచ్చే ఏప్రిల్ గాలికి తెర ఎగురుతోంది, లేచి కిటికీ మూయాలి, అతను పెళ్ళి ఏర్పాట్లు చెప్పినంత నెమ్మదిగా చెబుతూనే ఉన్నాడు, ఇక్కడి ఉక్కు ప్లాంటులో పనిచేసిన పాత రష్యన్ల సమ్మేళనమని పెడతామమ్మా, చాలామందిని పిలుస్తాం, మాకు కావలసింది మాత్రం ఒక్కరే, మీ గలీనా.

మీ గలీనా అంటున్నాడు, అవును, తన గలీనాయే, ప్లాంటుకు వచ్చిన రష్యన్ ఇంజనీరు భార్య, అప్పుడు తను కొత్తగా చేరిన ఇంటర్‌ప్రెటర్, ఆఫీసులో మగవాళ్ళ మాటలు రష్యన్లోకి మార్చీ మార్చీ నాలుక ఎండిపోయిన సాయంత్రాలు తను వెళ్ళి గలీనా వాళ్ళ వంటింట్లో కూర్చునేది, ఏటమ్మా, ఏటి కూర అని వచ్చీ రాని తెలుగులో అడిగి తనే పకపకా నవ్వేది గలీనా, కూతురు సిరి పుట్టిననాడు రక్తం ఆగక తను చల్లబడిపోతుంటే ఎవరూ అడగకముందే గలీనా రక్తమివ్వడానికి చెయ్యి చాపి పక్కమంచం మీద పడుకుందట, తర్వాత తూలుతూ వచ్చి, ఇక నువ్వు సగం రష్యన్‌వే పో అంది, కానీ ఆ పెద్ద దేశం ముక్కలైపోయింది, గలీనా ఊరు వేరే దేశంలో పడింది, మొగుడు పోయాడు, ఇప్పుడామె ఆ దేశపు రక్షణశాఖలో, రహస్య సందేశాలు వచ్చిపోయే గదిలో టైపిస్టు, ఆ సంగతి క్రిస్మస్‌కి ఫోనులో తనకు చెప్పింది, తనకు ఒక్కదానికే, మరి ఇతనికెలా తెలిసింది, అంటే ఇన్నాళ్ళూ ఎవరో వింటున్నారన్నమాట, ఇద్దరు ఆడవాళ్ళు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటుంటే.

వాళ్ళ ఆయుధాలు మన సరిహద్దు అవతలికి పోతున్నాయో లేదో ఆ గదిలోనే తెలుస్తుందమ్మా, ఆమె రాయపూర్‌లో దిగుతుంది, మీ ఇంట్లోనే ఉంటుంది, మీ చుట్టంలాగా మావాడొకడు భోజనానికొస్తాడు, మొదట మంచిగానే అడుగుతాం, ఒప్పుకోకపోతే, మరి ఒప్పుకోకపోతే ఏం చేస్తారు బాబూ అని తనే అడిగింది, మావాడితో కూర్చున్న ఫొటోలు వాళ్ళ ప్రభుత్వానికి చేరతాయి, అక్కడ దానికి జైలేనని ఆమెకు మనం చెప్పక్కర్లేదు, అన్నాడు, ఎంత మెత్తగా అన్నాడు, నేను చెయ్యలేను అంటే కోప్పడనూ లేదు, మీ సిరి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైందట కదా, పోలీసు విచారణ మా దగ్గరే ఆగి ఉంది, మంచి పిల్లని విన్నాను, అని ఊరుకున్నాడు, మొగుడు హార్వే తల వంచుకుని కూర్చున్నాడు, షిఫ్టు నుంచి వచ్చి బూట్లైనా విప్పలేదు, ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మెడ ఇంత సన్నగా ఎప్పుడూ కనబడలేదు, ఏటాలోసిస్తన్నావే, సేసీ ఫోను, పిల్ల బతుకు కదే, ఆళ్ళతో మనకేటి, అన్నాడు, సిరి పొద్దున చరోదాలో స్నేహితురాలింటికి పోతూ, మమ్మీ, జాయినింగ్ ఎప్పుడొస్తాది, ఇంక ఆగలేను యార్ అంది, తల్లిని యార్ అంటుంది పిచ్చిది, దాని ఒంట్లో కూడా గలీనా రక్తం ఉన్నట్టే అనిపిస్తుంది ఒక్కోసారి.

రింగు పోతోంది, లోపలి గదిలో రెండో ఫోను చెవికి పెట్టుకుని రష్యన్ తెలిసిన భుజంగరావు మనిషి వింటున్నాడు, దేవా, ఎత్తకుండా చెయ్యి, ఎత్తకుండా చెయ్యి, వేరోచ్కా, అంది గలీనా, ఇంకెవరూ అలా పిలవరు, నేర్పిన మాటలన్నీ తను అప్పజెప్పింది, సమ్మేళనం, టిక్కెట్లు వాళ్ళవే, మా ఇంట్లోనే ఉండొచ్చు, గలీనా నిట్టూర్చి, రాలేనేమోనే, సెలవివ్వరు, మోకాళ్ళు కూడా బాగాలేవు, వచ్చే ఏడు చూద్దాం, అంది, ఎంత చల్లని మాట, గుండెల మీద బండ దిగిపోయింది, అక్కడితో సరే అని ఫోను పెట్టేస్తే అయిపోయేది, నేను పిలిచాను, ఆమె రానంది అని చెప్పుకునేది, కానీ వచ్చే ఏడు అన్న మాట ముల్లులా గుచ్చుకుంది, వచ్చే ఏడైనా వీళ్ళు వదలరు, వద్దు, రాకు, ఎండలు ఎక్కువ, వచ్చే ఏడూ రాకు, ఇక్కడికి ఎప్పుడూ రావొద్దు, అనేసింది, గలీనా చాలా మెల్లగా, నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా, సిరికేమైనా అయిందా, నన్ను రావద్దని నువ్వు ఏనాడైనా అన్నావా వేరోచ్కా, ఇక నువ్వేం చెప్పకు, వస్తున్నాను, ఉద్యోగం పోతే పోనీ, కాదు కాదు విను అని తను అనేలోపే గలీనా ఫోను పెట్టేసింది.

లోపలి మనిషి వచ్చి తల ఊపాడు, భుజంగరావు లేచి, నమస్కారమమ్మా, మీరు వద్దంటారని తెలుసు, మీరు వద్దంటే ఆమె ఆగదనీ తెలుసు, అందుకే మేం పిలవకుండా మీచేత పిలిపించాం, అన్నాడు, చెప్పుల చప్పుడు మెట్లు దిగింది, ఏటన్నాది, వస్తాదా, హార్వే అడుగుతున్నాడు, తను ఫోను వదలలేదు, మళ్ళీ నంబరు తిప్పాలి, తిప్పి ఏమనాలి, వాళ్ళు వింటున్నారని చెబితే తనని ఇక్కడ ఒంటరిగా వదలడం మరీ చేతకాదు గలీనాకు, ఏడిస్తే ముందే వస్తుంది, ఆమెను ఆపగల మాట ఒక్కటే ఉంది, నువ్వు నాకు ఏమీ కావు, నువ్వంటే నాకిష్టం లేదు అన్న మాట, అది తెలుగులో రాలేదు, రష్యన్లోనూ రాలేదు, ఎంత బలవంతాన తెచ్చుకుని అన్నా, గలీనా నమ్మదు.